సాయిబు వేసిన బొమ్మ

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఉర్దూలో ఆ తేడా లేదు. రెండింటికీ 'హమ్' ఒక్కటే. ఇంట్లో 'హమ్' అంటూ పెరిగి తెలుగు బడికి పోయిన మాకు మొదటి చిక్కు అక్కడే వచ్చింది. పంతులుగారు తప్పు దిద్దారు, వ్యాకరణం రెండు నెలల్లో పట్టుబడింది. కానీ బతుకులో ఏ మాట ఎక్కడ వాడాలో నలభై ఏళ్ళు దాటినా తేలలేదు. మేం 'మనం' అన్నచోట అవతలివాళ్ళు 'మీవాళ్ళు' అంటారు. ఉర్దూ పత్రికలో కొన్నాళ్ళు, తెలుగు పత్రికలో ఎన్నో ఏళ్ళు పనిచేసినా ఆ మాట మా వెంటే వచ్చింది.

ఈ లెక్క తేలకుండానే మేం 'మనం'గా బతికిన చోటు ఒకటుంది. సినిమా హాలు. మూడు గంటల చీకటి. ఆ చీకట్లో వెలుతురు వేసేది మా అబ్బా.

అబ్బా సినిమా ఆపరేటర్. నల్లగొండ జిల్లా పల్లెల్లో టూరింగ్ టాకీసు వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. డేరా మీద మైకు కట్టి ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట రికార్డు పెడితే, ఆట మొదలవుతున్నదని ఊరికి గుర్తు. ఆ రికార్డు పెట్టేది అబ్బానే. రోజూ పొద్దుగూకే వేళ ఊరందరికీ దేవుడి పాట వినిపించింది ఒక సాయిబు. అది అప్పుడెవరికీ వింతగా తోచలేదు. అబ్బాకు అసలే తోచలేదు.

తర్వాత హైదరాబాదు వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక థియేటర్లో చేరాడు. నాగోల్‌లో జాగా చవకని అక్కడ రెండు గదులు వేసుకున్నాడు. అప్పటికి నాగోల్ ఇంకా ఊరే. మూసీ ఒడ్డు పొడుగునా గడ్డి మళ్ళు, బర్రెలు, తెల్లారకముందే బయల్దేరే పాల సైకిళ్ళు. చీకటి పడితే దోమలు. ఎల్.బి.నగర్ మున్సిపాలిటీలో ఒక మూల. 2007లో గ్రేటర్‌లో కలిసింది, 2017లో మెట్రో స్టేషన్ వచ్చింది. ఇప్పుడు నాగోల్ అంటే అందరికీ తెలుసు. అప్పట్లో ఉప్పల్ దగ్గర అని చెప్పుకోవాల్సి వచ్చేది. సెకండ్ షో అయ్యాక అర్ధరాత్రి దాటి అబ్బా సైకిలు మీద వచ్చేవాడు. కుక్కల అరుపు దగ్గరవుతుంటే అమ్మీ లేచి అన్నం వేడి చేసేది.

మేం ముగ్గురు పిల్లలం. సెలవు రోజు మార్నింగ్ షోకు అబ్బా మమ్మల్ని క్యాబిన్‌కు తీసుకుపోయేవాడు. మార్నింగ్ షో అంటే పాత సినిమాలు. 'మాయాబజార్', 'మల్లీశ్వరి', 'పాతాళభైరవి', 'మిస్సమ్మ'. ఇవన్నీ మేం కుర్చీలో కూర్చుని చూసినవి కావు. గోడకున్న చిన్న కంతలోంచి, ఒకరి తర్వాత ఒకరం స్టూలెక్కి చూసినవి.

క్యాబిన్‌లో రెండు మిషన్లు. ఒకదాని మీద స్పూలు నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి స్పూలు సిద్ధంగా ఉండాలి. ఒక్కోటి ఇరవై నిమిషాలు. బొమ్మకు కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది, అది చూసి రెండో మిషన్ కదిలించాలి. ఇంకో చుక్క మెరుస్తుంది, అప్పుడు మార్చాలి. హాల్లో కూర్చున్నవాళ్ళకు ఆ చుక్క కనపడదు. కనపడినా దాని సంగతి తెలియదు. లోపల దీపం కార్బన్ పుల్లలతో. రాగి పూత పూసిన రెండు పుల్లల కొసలు ఎదురెదురుగా పెడితే మధ్యలో కళ్ళు పోయేంత వెలుగు. పుల్లలు కాలి పొట్టివవుతున్న కొద్దీ మర తిప్పి దగ్గరికి జరుపుతుండాలి. ఏమరిస్తే తెర పచ్చబడుతుంది, హాల్లో ఈలలు మొదలవుతాయి, ఆపరేటర్ని తిడతారు. బాగా వేసిన రోజు ఆపరేటర్ ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు.

కాలి మిగిలిన కార్బన్ ముక్కలు మాకు బలపాలు. తెగిన ఫిల్ము ముక్కలు మాకు ఆస్తి. మాడిపోయిన బల్బులో నీళ్ళు పోసి, దాని ముందు ఫిల్ము ముక్క పట్టి, ఎండను అద్దంతో లోపలికి కొడితే నాగోల్ ఇంటి గోడ మీద సావిత్రి తలకిందులుగా కనపడేది. గల్లీ పిల్లలంతా అయిదు పైసలిచ్చి చూసేవాళ్ళు. మేం కూడా ఆపరేటర్లమే.

ఒక రంజాన్ నెలలో మార్నింగ్ షోకు 'మాయాబజార్' పడింది. అబ్బా రోజాలో ఉన్నాడు. మేం కూడా పట్టుబట్టి ఆ రోజు రోజా ఉన్నాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. క్యాబిన్‌లో ఉడుకు, గొంతు ఎండిపోతున్నది. తెర మీద ఎస్వీ రంగారావు పెళ్ళివారి వంటలన్నీ ఒక్కడే కూర్చుని తింటున్నాడు. లడ్డూలు, గారెలు వాటంతటవే వచ్చి నోట్లో పడుతున్నాయి. హాలంతా నవ్వుతున్నది. మాలో చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. అబ్బా మర తిప్పుతూనే నవ్వాడు. "సబర్ కరో బేటా, ఘటోత్కచుడికి కూడా ఇఫ్తార్ టైం అయింది" అన్నాడు. తర్వాత స్పూలు మార్చి, పాత పేపరు పరిచి, మిషన్ల మధ్యనే జొహర్ నమాజు చదువుకున్నాడు. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి గదా.

ఆ 'మాయాబజార్' మాది కాదని మాకెవరూ చెప్పలేదు. 1957లో కె.వి.రెడ్డి తీసిన ఆ బొమ్మకు కెమెరా పట్టినవాడు మార్కస్ బార్ట్‌లీ, ఆంగ్లో ఇండియన్. తెలుగువాళ్ళ కళ్ళకు ద్వారకలో వెన్నెల చూపించినవాడు ఆయన. మా హాల్లో ఆ వెన్నెలను తెర మీదికి పంపినవాడు మా అబ్బా. 'మనం' అంటే మేం అర్థం చేసుకున్నది ఇదే.

అయితే మా ఇంట్లోనే ఈ పని అందరికీ నచ్చింది కాదు. చిత్తరువులు హరామ్ అనీ, వాటితో వచ్చే జీతం హలాల్ కాదనీ చుట్టాల్లో ఒకాయన అబ్బా మొహం మీదే అన్నాడు. ఆపా సంబంధం ఒకటి ఆ మాట మీదే తప్పిపోయింది. ఇంకో సంగతి. క్యాబిన్‌కు పోయింది మేం మగపిల్లలమే. ఆపాకు తొమ్మిదేళ్ళు దాటగానే మానిపించారు. అమ్మీ మొగుడు ఆపరేటరై ఉండీ పెళ్ళయ్యాక థియేటర్ గడప తొక్కలేదు. మమ్మల్ని మీరు తెర మీద సరిగ్గా చూపించలేదని ఇవాళ నిలదీస్తున్న మేం, మా ఆడవాళ్ళను తెర ముందు కూర్చోనీయలేదు. ఇది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

అమ్మీ సినిమా చూసింది కిరాయికి తెచ్చిన వీసీఆర్ మీద. పండక్కో పెళ్ళికో ఒక రాత్రికి టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు. గల్లీ అంతా మా వాకిట్లోనే. ఒక హిందీ, ఒక తెలుగు, మూడోదానికి కొట్లాట. ఆ రాత్రి అమ్మీ పంతం పట్టి కె. ఆసిఫ్ 'మొఘల్-ఎ-ఆజం' పెట్టించింది. 1960 నాటి బొమ్మ, అమ్మీ అప్పుడే మొదటిసారి చూడటం. అనార్కలీని గోడలో కడుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కింటి లైన్‌మన్ భార్య కూడా ఏడ్చింది. ఆ ఉర్దూ ఆమెకు సగం కూడా అర్థమై ఉండదు. కళ్ళు తుడుచుకుని, "మీవాళ్ళ సినిమాలు మస్తుంటయి బూబమ్మా" అంది. మెచ్చుకోలే. అయినా 'మీవాళ్ళ' అన్నది.

అబ్బా ఊరుకోలేదు. "మీవాళ్ళదేంది చెల్లే, తెలుగులో అనార్కలి 1955లోనే వచ్చె. సలీం నాగేశ్వరరావు, అనార్కలి అంజలీదేవి. అక్బర్ ఎవరనుకున్నవు? మన ఘటోత్కచుడే, ఎస్వీ రంగారావు" అన్నాడు. ఆమె నోరు తెరిచి నవ్వింది. తర్వాత రామారావు కూడా అక్బర్ వేశాడనీ, ఆ సినిమాలో రఫీ పాడాడనీ ఆ రాత్రంతా చెప్తూనే ఉన్నాడు.

రఫీ సంగతి మేం తర్వాత చాలాసార్లు తలచుకున్నాం. 1969లో 'భలే తమ్ముడు'లో రామారావుకు రఫీ పాడాడు, 1976లో 'ఆరాధన'లోనూ పాడాడు. ఆయన తెలుగు ఆయన తెలుగే, ఉర్దూ నాలుక మీద నానిన తెలుగు. దాన్ని తెలుగువాళ్ళు ముద్దు చేశారు. అదే యాస తెర మీద బక్క సాయిబు పాత్ర నోట్లోంచి వస్తే హాలు గొల్లుమంటుంది. 'నీకీ', 'మాకీ' అంటూ లింగం, వచనం తెలియని సాయిబు. బట్టలు కుట్టే సాయిబు, మటన్ కొట్టే సాయిబు. కథతో పనిలేకుండా వచ్చి నవ్వించి పోతాడు. మర్నాడు బడిలో పిల్లలు ఆ డైలాగులు మా మీద అనేవాళ్ళు. మేం పద్యం అప్పజెప్పడానికి లేస్తే వెనక బెంచీ నుంచి 'నిమ్కీ, హమ్కీ' అని వినపడేది. పద్యం తప్పులేకుండా చెప్పి కూర్చునేవాళ్ళం. నవ్వు ఆగేది కాదు.

అలాంటి సీను పడ్డప్పుడు ఒకసారి మేం క్యాబిన్‌లో ఉన్నాం. కింద నుంచి నవ్వు కంతలోంచి లోపలికి వచ్చింది. మేం అబ్బా మొహం చూశాం. అబ్బా మా వైపు చూడలేదు. కార్బన్ జరిపాడు. వెలుగు తగ్గకుండా చూసుకున్నాడు. తనను వెక్కిరించే బొమ్మను కూడా మసక లేకుండా వేశాడు. అది పని మీద ఇష్టమా, నోరు లేకపోవడమా? మాకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీదో చెప్పలేం.

'మిస్సమ్మ' కూడా పెద్దయ్యాక ఇంకోలా కనిపించింది. 1955లో ఎల్.వి.ప్రసాద్ తీసిన చక్కని సినిమా, ఇప్పటికీ ఎన్నిసార్లయినా చూస్తాం. ఉద్యోగం కోసం ఒక హిందూ యువకుడూ, మేరీ అనే క్రైస్తవ అమ్మాయీ మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుంటారు. చివరికి ఏమైంది? మేరీ మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి. అందరూ సంతోషించారు. మేమూ సంతోషించాం. మేరీ మేరీగానే ఉండి ఉంటే ఆ పెళ్ళికి అందరం అంతే సంతోషంగా చప్పట్లు కొట్టేవాళ్ళమా? మీరే చెప్పండి.

నవ్వించే సాయిబు ఎన్నాళ్ళో ఉండలేదు. 1992లో 'రోజా' వచ్చింది, తెలుగులోకీ వచ్చింది. తర్వాత వరస కట్టాయి. గడ్డం, తుపాకి, వెనక అజాన్ లాంటి కూత. మంచి సాయిబు ఉంటే దేశభక్తి రుజువు చేసుకోవాల్సిందే. 2002లో వచ్చిన 'ఖడ్గం'లో ఆటో నడిపే ముస్లిం అన్న ఆ పనే చేశాడు. అదే ఏడు నవంబరులో దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. తెర మీదిదీ రోడ్డు మీదిదీ కలిసిపోయాయి. బాంబు పెట్టినవాడికి మా బాధతో పనిలేదు. తెర మీద చూసి మమ్మల్ని అంచనా కట్టేవాడికీ పనిలేదు.

ఉర్దూ సినిమాలో మేం బాగా కనపడ్డామా అంటే, అదీ లేదు. అక్కడ నవాబులం, షాయర్లం, తవాయిఫులం. నాగోల్‌లో సైకిలు తొక్కే ఆపరేటర్ ఎక్కడా లేడు. 1982లో సాగర్ సర్హదీ 'బాజార్' తీసినప్పుడు మాత్రం హైదరాబాదు బీద ఇల్లు కనపడింది. గల్ఫ్ డబ్బుకు పిల్లను నిఖా పేరుతో అమ్మే ఇల్లు. మఖ్దూం గజల్ ఒకటి ఉంది అందులో. పాట తియ్యగా ఉంటుంది, కథ గొంతులో అడ్డం పడుతుంది. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' తెలంగాణ పోరాటం కథ. దాని వెనక ఉన్నది కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలుగువాళ్ళ భూమి కథ ఉర్దూలో రాశారు, బెంగాలీ ఆయన తెలుగులో తీశాడు. ఇలాంటివి చూసినప్పుడు మా 'హమ్'కు ప్రాణం లేచి వచ్చేది.

బి.ఏ. చదివే రోజుల్లో మేం 'గరమ్ హవా' చూశాం. ఎం.ఎస్.సత్యు 1973లో తీశాడు. ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడిపే సలీం మీర్జాగా బల్‌రాజ్ సహానీ. దేశం ముక్కలయ్యాక చుట్టాలు ఒక్కొక్కరే పాకిస్తాన్ రైలెక్కుతుంటే, పోనని మొండికేసినవాడు. అప్పు పుట్టదు, కిరాయికి ఇల్లు దొరకదు. నవాబు కాదు, నవ్వించేవాడు కాదు, బాంబు పెట్టేవాడు కాదు. పని చేసుకునే మనిషి. ఆ వీసీడీ కొని ఇంటికి తెచ్చాం, అబ్బాకు చూపించాలని.

అందులో ముసలి తల్లి ఉంటుంది. హవేలీ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు రానని పోయి కట్టెల కొట్టులో దాక్కుంటుంది. ఆ సీను దగ్గర అబ్బా సినిమా ఆపమన్నాడు. జీవితంలో ఆట మధ్యలో ఆపని మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. 1948 సెప్టెంబరు, పోలీసు యాక్షన్. ఊళ్ళో మగవాళ్ళను వెతుకుతున్నారు. మా దాదీని ఒక చాకలామె వడ్ల గుమ్మిలో దాచింది. కోతలు కాలేదు, గుమ్మి ఖాళీ. నాలుగు రోజులు అందులోనే. బయటికి తీసినప్పుడు నుదుట బొట్టు పెట్టి, తన చీర కట్టించి, తన చెల్లెలని చెప్పి ఊరు దాటించింది. దాదా మళ్ళీ కనపడలేదు. మాకు అంతవరకు దాదా జ్వరమొచ్చి పోయాడనే తెలుసు.

2011లో థియేటర్‌కు డిజిటల్ మిషన్ వచ్చింది. రీళ్ళు లేవు, స్పూళ్ళు లేవు, చుక్క చూసి మార్చేవాడు అక్కర్లేదు. అబ్బా ఇంటికి వచ్చేశాడు. రెండు నెలలు గోడ చూస్తూ కూర్చుంటే మేమే ఒక ఉపాయం చేశాం. చిన్న ప్రొజెక్టర్ కొన్నాం. మిద్దె మీద తెల్లదుప్పటి కట్టాం. నెలకొక సినిమా. మొదటిది 'మాయాబజార్'. గల్లీవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. మూసీ దోమలకు వేపాకు పొగ, అమ్మీ చాయ్. ఒక నెల తెలుగు, ఒక నెల హిందీ. అమ్మీ, ఆపా అందరికంటే ముందు వరసలో. ఆ రోజు అబ్బా ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

2013 ఫిబ్రవరి 24, ఆదివారం 'గరమ్ హవా' వేస్తామని చెప్పాం. 21 గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. ఒకటి కోణార్క్ థియేటర్ దగ్గర, ఇంకోటి వెంకటాద్రి థియేటర్ దగ్గర. 18 మంది పోయారు. మేం పత్రిక పని మీద అక్కడికి పోయాం. మేం సినిమా టిక్కెట్ల కోసం నిలబడ్డ రోడ్డు, మిర్చీలు తిన్న బండ్ల వరస. చెప్పులు, టిఫిన్ డబ్బాలు, నెత్తురు. రాసి ఇచ్చి, ఆస్పత్రిలో రక్తమిచ్చి తెల్లవారుజామున ఇంటికొచ్చాం. అబ్బా దుప్పటి విప్పి మడతపెట్టాడు. "ఎవరొస్తరు ఇప్పుడు?" అన్నాడు. నిజమే. కుర్చీల సంగతి అటుంచి, ఎదురుపడ్డవాళ్ళు కూడా చూపు తప్పించారు. కాలనీ పెద్దమనిషొకాయన మంచిమాటగానే చెప్పాడు, "ఈ టైంలో మీవాళ్ళ సినిమాలు ఎందుకు బాబూ, కొన్నాళ్ళు ఆపండి."

ఆ రోడ్డు మీద మేమూ పోయి ఉండేవాళ్ళమని ఆయనకు తట్టలేదు.

మూడు నెలలు మిద్దె ఖాళీ. మే చివర లైన్‌మన్ భార్య పిట్టగోడ మీంచి పిలిచింది. "బొమ్మ ఎప్పుడేస్తవు సాయిబన్నా? వానలొస్తే ఇగ ఉండదు." అబ్బా అదే 'గరమ్ హవా' వేశాడు. పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో వెనక గల్లీలో ఉండే రిటైర్డ్ సారు ఒకరు, ఆయనదీ నల్లగొండ వైపే.

ఆట అయిపోయింది. అందరూ కుర్చీలు మడిచారు. సారు లేవలేదు. "ఆపరేటర్ సాబ్, అడిగితే ఏమనుకోవద్దు. మా పెదనాయినను రజాకార్లు కాల్చి చంపిన్రు. నేనింక పుట్టలే. మా నాయినమ్మ పోయేదాక ఏడ్చింది. ఆ సినిమా ఎవరు తీస్తరు?" అన్నాడు.

ఇక ఇది ఇక్కడితో తెగిపోతుందనుకున్నాం. మాకు జవాబులు చాలా వచ్చు, అన్నీ పత్రికలో రాసినవే. అబ్బా మమ్మల్ని చేత్తో ఆపాడు.

"తియ్యాలె సార్. అది గూడ తియ్యాలె" అన్నాడు. కాసేపాగి గుమ్మి సంగతి చెప్పాడు. "ఆ గుమ్మిల ఇద్దరం ఉన్నం సార్. మా అమ్మ, ఆమె కడుపుల నేను."

సారు ఊరి పేరు అడిగాడు. అబ్బా చెప్పాడు. రెండూళ్ళకూ నడుమ ఒక చెరువే అడ్డం. ఆ చెరువు ఇప్పుడెట్లుంది, కట్ట మీద చింతచెట్లున్నాయా అని ఇద్దరూ అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారు. మేం వైర్లు చుట్టుకుంటూ విన్నాం. ఒకరి చావుకు ఇంకొకరి చావు చెల్లు అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

తర్వాతి నెల సారు కుర్చీ పట్టుకుని వచ్చాడు. కొందరు వచ్చారు. కొందరు ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అబ్బా 2019లో పోయాడు. జనాజాను మోసినవాళ్ళలో లైన్‌మన్ కూడా ఉన్నాడు. 2024లో 'రజాకార్' పేరుతో సినిమా వచ్చింది. సారు చూసి వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. "మా పెదనాయిన అసొంటోళ్ళు కనపడ్డరు. మీ నాయినమ్మ కనపడలే. ఆమెను దాచిన చాకలామె గూడ కనపడలే" అన్నాడు.

మా మాట కూడా అదే. కవిత్వంలో మా సంగతి మేం చెప్పుకున్నాం. 1991లో 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చాయి. తెర మీద ఆ పని మిగిలే ఉంది. అర్ధ శతాబ్దం పాటు మీ బొమ్మలన్నీ మసక లేకుండా వేశాడు మా అబ్బా. ఘటోత్కచుణ్ణి వేశాడు, మిస్సమ్మను వేశాడు, తనను వెక్కిరించే సాయిబును కూడా వేశాడు. ఇప్పుడు మా బొమ్మ పడాలి. గుమ్మిలో దాదీ, ఆమెకు బొట్టు పెట్టిన చాకలామె, చెరువవతల కాల్పులకు పోయిన సారు పెదనాయన, క్యాబిన్‌కు రానీయని మా ఆపా, అందరూ ఉండే బొమ్మ. దాన్ని మేం తీస్తాం. మీరు కుర్చీ తెచ్చుకోండి. చీకట్లో ఎట్లాగూ మనమే. దీపాలు వెలిగాక కూడా సారు లాగా కాసేపు కూర్చోండి.